ఆట ఉన్న రోజుకు మూడు గంటలట!

అమెరికాలో కళాశాలల క్రీడలను ఏలే సంస్థ పేరు ఎన్.సి.ఏ.ఏ. దాని నియమావళిలో ఒక విచిత్రమైన లెక్క ఉంది. సీజను నడుస్తున్నప్పుడు విద్యార్థి క్రీడాకారుని చేత వారానికి ఇరవై గంటలకు మించి సాధన చేయించరాదు. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే పోటీ ఉన్న రోజును, అది ఎంతసేపు సాగినా సరే, మూడు గంటలుగానే పరిగణించాలి. ప్రయాణకాలం లెక్కలోకే రాదు. అంటే, పొద్దున్న ఏడింటికి బస్సెక్కి, ఆరు గంటలు అందులో ముడుచుకు కూర్చుని, దిగి ఒళ్ళు సాగదీసి, తొంభై నిమిషాలు పరుగెత్తి, మళ్ళీ అదే బస్సెక్కి, అర్ధరాత్రి దాటాక గదికి చేరిన కుర్రవాడు ఆ రోజు ఆటకు వెచ్చించింది కాగితం మీద మూడు గంటలే. మా ఊళ్ళో వడ్డీవ్యాపారం చేసే పెద్దమనిషికి కూడా ఇంత ధైర్యంగా పద్దు వ్రాయడం చేతకాదు.

ఈ పద్దు అన్ని ఆటలకూ వర్తించేదే. కాని ఇది పురుషుల సాకర్ జట్లను బాధించినంతగా తక్కిన చాలా ఆటలను బాధించదు. కారణం ఆ సీజను నిర్మాణంలోనే ఉంది. 2025 దాకా నడిచిన పద్ధతి ఇది: ఆగస్టు మొదట్లో జట్టు కూడుతుంది. ఆ నెల చివరి వారంలో తొలి పోటీ. నవంబరు మొదటి వారానికల్లా పదహారో, పద్దెనిమిదో పోటీలు అయిపోవాలి. ఆపైన కాన్ఫరెన్సు టోర్నమెంటు, దాని వెంటనే 48 జట్ల జాతీయ టోర్నమెంటు, డిసెంబరు నడుమ ఫైనలు. వసంతకాలంలో ఆడనిచ్చేది ఐదు రోజుల పోటీలు, అవి కూడా ఏ పట్టికకూ ఎక్కనివి. ఏడాదికి సరిపడే ఆటను సుమారు పదకొండు వారాల్లోకి కుక్కి, తక్కిన ఏడాదిని ఖాళీగా వదిలేశారన్నమాట.

ఇంగ్లండు ప్రీమియర్ లీగులో ఒక్కో జట్టు ఆడే లీగు పోటీలు 38. అవి ఆగస్టు నుంచి మే దాకా పరచుకుని ఉంటాయి. వారికి ఇతర కప్పుల పోటీలూ ఉంటాయి, వారూ వారం మధ్యలో ఆడతారు, కాదనను. కాని వారికి అదే వృత్తి. వైద్యులు, వంటవాళ్ళు, మర్దనచేసేవాళ్ళు వెంట ఉంటారు. మరునాడు ఉదయం ఎనిమిదింటికి వారిలో ఎవరూ అవకలన సమీకరణాల పరీక్ష వ్రాయనక్కరలేదు.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పాలి. మా అక్క కొడుకు ఒక చిన్న విశ్వవిద్యాలయపు జట్టులో మిడ్‌ఫీల్డులో ఆడేవాడు. మా బావగారి తండ్రి హైదరాబాదులో సిటీ పోలీసు జట్టు ఆటలు చూస్తూ పెరిగినవారు. బడిపంతులుగా ఉంటూ ఆ జట్టునూ భారత జట్టునూ కూడా తీర్చిదిద్దిన రహీం గారి పేరు వారింట్లో దేవుడి పేరు తరువాత పేరు. 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణాన్ని పెద్దాయన నిన్నమొన్న జరిగినట్టే వర్ణించేవారు. ఆ కథలు విని కాబోలు, మావాడు క్రికెట్టు బ్యాటు ముట్టలేదు.

నాలుగో సంవత్సరం సెప్టెంబరులో వాడి జట్టు ఒక శుక్రవారం రాత్రి ఆడింది, మంగళవారం పరాయి ఊళ్ళో ఆడింది, మళ్ళీ శుక్రవారం ఆడింది. ఎనిమిది రోజుల్లో మూడు పోటీలు. మూడోదానిలో, రెండో సగం మొదలైన కొద్దిసేపటికి, తొడ వెనుక కండరం పట్టేసినట్టుంది అని వాడు చెయ్యెత్తాడు. కోచ్ బయటికి పిలిచాడు. ఇరవై నిమిషాల తరువాత మళ్ళీ లోపలికి పంపాడు. వృత్తి జట్ల పోటీల్లో ఇది కుదరదు. ఒకసారి మైదానం వదిలినవాడు ఆనాటికి ప్రేక్షకుడే. అమెరికా కళాశాలల నిబంధన మాత్రం రెండో సగంలో బయటికి వెళ్ళినవాణ్ణి ఒకసారి తిరిగి రానిస్తుంది. తిరిగివచ్చిన ఐదో నిమిషంలో మావాడు పరుగు మధ్యలో తొడ పట్టుకుని పడిపోయాడు. నేను గట్టున నిల్చుని చూస్తూనే ఉన్నాను. అది ఆ సీజనులో ఐదో పోటీ. కండరం మానేసరికి నవంబరు వచ్చింది, సీజను వెళ్ళిపోయింది.

సీజను మొదటి సగంలోనే గాయపడి, ఆడింది కొద్ది పోటీలే అయితే ఇంకొక ఏడాది ఆడే అవకాశం కోరవచ్చునని నియమం ఉంది. ఆ ఏడాది రుసుము ఎవరు కడతారన్నది నియమంలో లేదు. 2025లో పద్ధతి మారేదాకా ఒకటవ శ్రేణి పురుషుల సాకర్ జట్టు మొత్తానికి అనుమతించిన విద్యార్థివేతనాల పరిమితి 9.9. పదిమందికి పూర్తిగా చాలని ఆ మొత్తాన్ని ముప్పై మంది పంచుకునేవారు. మావాడి వాటా పుస్తకాల ఖర్చుకు సరిపోయేది. వాడు మే నెలలో పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరాడు.

కోచ్‌ను తిట్టి ప్రయోజనం లేదు. ఆ రాత్రి ఆయన వద్ద అలసిపోని మిడ్‌ఫీల్డరు ఒక్కడూ లేడు. సీజను ఇరుకు కనుక బయటికి వెళ్ళినవాడు తిరిగి రావాలి, తిరిగి రావచ్చు కనుక సీజను ఇరుకుగా ఉన్నా ఫరవాలేదు - ఈ రెండు నియమాలూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డాయని నా అనుమానం.

పెద్ద జట్లకు మాత్రం వేరే గతి ఉందా? 2024 ఫైనలునే చూడండి. వెర్మాంట్ విశ్వవిద్యాలయం సీడింగు కూడా లేకుండా వచ్చి కప్పు ఎగరేసుకుపోయింది. ఆ కథను అందరూ మురిసిపోతూ చెప్పుకున్నారు, నేనూ చెప్పుకున్నాను. కాని డిసెంబరు 13, శుక్రవారం నాడు ఆ జట్టు డెన్వర్‌తో అదనపు సమయం కలుపుకుని 110 నిమిషాలు ఆడి, పెనాల్టీల మీద గట్టెక్కింది. సోమవారం నాడు మార్షల్‌తో ఫైనలు. అది కూడా అదనపు సమయంలోకే వెళ్ళింది, 2-1తో వెర్మాంట్ గెలిచింది. దేశం మొత్తం మీద అత్యుత్తమమైన పోటీ అని పిలిచేదాన్ని నడుమ రెండు రోజులు మాత్రమే సేదతీరిన కాళ్ళతో ఆడించారు. సెలవులకు ముందు ముగించాలి, పరీక్షలకు అడ్డు రాకూడదు అన్నారు. పరీక్షలు జరిగేది ఆ రోజుల్లోనే!

దీనికి మందు ఎవరికీ తెలియక కాదు. మేరీలాండ్ కోచ్ సాషో సిరోవ్‌స్కీ, 2005, 2008, 2018 సంవత్సరాల్లో జాతీయ కప్పు గెలిచినవాడు, ఏళ్ళ తరబడి ఒకే మాట చెబుతూ వచ్చాడు: పోటీల సంఖ్యను పెంచవద్దు, ఉన్నవాటినే రెండు సెమిస్టర్లలోనూ పరచండి, వారం మధ్య పోటీలు తగ్గించండి, చలికాలంలో విరామమివ్వండి, కప్పును వసంతం చివర పెట్టండి. ఆ ప్రతిపాదన 2020 ఏప్రిల్లో ఓటుకు రావలసింది. కోవిడ్ వచ్చి దాన్ని మూలన పెట్టించింది.

విడ్డూరం ఏమిటంటే, ఆ ప్రతిపాదనకు పరీక్ష పెట్టింది కూడా కోవిడే. 2020 శరత్తులో చాలా జట్లు ఆడలేదు. జాతీయ టోర్నమెంటును 2021 వసంతానికి జరిపారు. 36 జట్లు ఉత్తర కరోలినాలో ఆడాయి. మే 17న కేరీలో జరిగిన ఫైనల్లో సీడింగు లేని మార్షల్, ఎనిమిది కప్పులు గెలిచిన ఇండియానాను అదనపు సమయంలో 1-0తో ఓడించింది. అట్లాంటిక్ తీరపు ఏ.సి.సి. జట్లయితే శరత్తులో కొంత, వసంతంలో కొంత ఆడి, సిరోవ్‌స్కీ చెప్పిన దానికి దగ్గరగానే నడిచాయి. నిజం చెప్పాలంటే తక్కిన జట్లకు ఆ వసంతమూ ఇరుకే, దాన్ని ఆదర్శమని నేననను. కాని మే నెలలో కప్పు పెడితే ఆకాశం విరిగిపడుతుందన్న వాదన ఆ రోజుతో చచ్చిపోయింది. చచ్చిపోయిన వాదనను ఆగస్టులో మళ్ళీ లేపి కూర్చోబెట్టారు. 2021 సీజను పాత అచ్చులోనే పోశారు, ఆ తరువాతివి 2025 దాకా అదే అచ్చు.

అడ్డుచెప్పేవారి మాటలు విందాం.

సంప్రదాయం అంటారు. జాతీయ టోర్నమెంటు 1959లో మొదలైంది, ఆ ఏడు కప్పు సెయింట్ లూయీ విశ్వవిద్యాలయానిది. అప్పుడు ఆడిన జట్లు ఎనిమిది. ఎనిమిదిని నలభై ఎనిమిది చేసినప్పుడు అడ్డురాని సంప్రదాయం కాలెండరు దగ్గరే ఎందుకు అడ్డు వస్తున్నది?

మంచు అంటారు. డిసెంబరులో మంచు లేదా? పైగా నడిచలికాలంలో ఆడమని ఎవరూ అనలేదు.

రెండు సెమిస్టర్లలో ఆడితే చదువు పాడవుతుందంటారు. కళాశాలల బాస్కెట్‌బాల్ నవంబరులో మొదలై ఏప్రిల్లో ముగుస్తుంది. ఐస్ హాకీ కూడా రెండు సెమిస్టర్ల మీదుగా సాగేదే. టెలివిజను సొమ్ము కురిసే ఆటకు రెండు సెమిస్టర్లు చదువుకు చేటు కాదు, సాకర్‌కు మాత్రం చేటు! ఈ న్యాయం నాకు బోధపడదు.

ఇక డబ్బు. దీన్ని మాత్రం తేలిగ్గా తోసేయను. వసంతంలో మైదానం లక్రాస్ జట్లకు కావాలి, ట్రైనర్లు కావాలి, బస్సులు కావాలి. చిన్న కళాశాలలకు ఇది నిజమైన ఇబ్బందే. కాని పెద్దవాళ్ళు ఈ మాట అంటే నవ్వొస్తుంది. 2024లో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విశ్వవిద్యాలయాలు ఏ.సి.సి.లో చేరాయి. అది అట్లాంటిక్ తీరపు కూటమి, వీరున్నది పసిఫిక్ తీరాన! అక్కడి ఫుట్‌బాల్ ప్రసారాల సొమ్ము కోసం కుదిరిన పెళ్ళి అది. ఆ పెళ్ళిలో కట్నం పుచ్చుకున్నది ఒకరు, ఖండం ఈ చివరినుంచి ఆ చివరికి విమానంలో తిరిగేది మరొకరు. బోస్టన్‌లో లీగు పోటీ ఆడడానికి కాలిఫోర్నియా పిల్లల్ని పంపగలిగిన ఖజానాలో, వారం మధ్య పోటీని మార్చి నెలకు జరపడానికి చిల్లర లేదా?

ఒక మిత్రుడు నాతో అన్నారు, "ఇష్టపడి ఆడేవాడికి కష్టమేమిటండీ, వద్దనుకుంటే మానేయవచ్చు కదా" అని. ఇష్టపడి చేసేవాడినే పిండుకోవడం తేలిక, వాడు నోరెత్తడు గనుక. మావాడూ ఎత్తలేదు. తిరిగి లోపలికి వెళ్ళమన్నప్పుడు తల ఊపాడు.

నన్ను నిజంగా ఇరుకున పెట్టినది కూడా మావాడే. ఈ వాదనంతా వాడికి వినిపిస్తే, "మావయ్యా, స్ప్రింగులో కూడా ఆటలుంటే నేను కెమిస్ట్రీ లాబ్‌లు ఎప్పుడు చేసేవాణ్ణి? ఆ నాలుగు నెలలూ ఊపిరి పీల్చుకునేవాణ్ణి" అన్నాడు. చాలాసేపు నాకు జవాబు తోచలేదు. తరువాత అడిగాను, "ఫాల్‌లో లాబ్‌లు ఎందుకు తీసుకోలేదురా?" అని. "ఎలా కుదురుతుంది? వారానికి రెండు ఆటలు" అన్నాడు. వాడు నా పక్షానికి వచ్చాడని చెప్పను, ఇప్పటికీ రాలేదు. కాని ఊపిరాడని నాలుగు నెలలకు పరిహారంగా మరో నాలుగు నెలలు ఊపిరి ఇవ్వడాన్ని నేను ఏర్పాటు అనలేను.

చదువు మాట ఎత్తారు కనుక ఇంకొకటి. కప్పు డిసెంబరులో ముగియడం వల్ల, మేజర్ లీగ్ సాకర్ జట్లు ఎంచుకున్న మెరికల్లాంటి ఆటగాళ్ళు జనవరి శిబిరాలకు వెళ్ళిపోతారు, చదువు సగంలో ఆగుతుంది. ఆ లీగు కూడా 2027 జూలై నుంచి యూరపు కాలెండరుకు మారుతున్నట్టు 2025 నవంబరులో ప్రకటించింది. పురుషుల కళాశాల సీజనును విద్యాసంవత్సరం పొడవునా పరచమని అమెరికా సాకర్ సమాఖ్య వేసిన సంఘమూ 2025లోనే సిఫారసు చేసింది. సిరోవ్‌స్కీని పగటికలల మనిషి అన్నవారు ఇప్పుడు ఆ సంఘాన్ని ఏమంటారో వినాలని ఉంది. కాలెండరుతో పాటు ఆ మూడు గంటల లెక్కను కూడా కొట్టివేయాలన్నది నా కోరిక. బస్సు బయలుదేరిన నిమిషం నుంచి తిరిగి వచ్చిన నిమిషం దాకా లెక్కించి, అప్పుడు వారానికి ఇరవై గంటల నియమాన్ని పాటించి చూపమనండి. పదకొండు వారాల సీజను మొదటి వారంలోనే ఆగిపోతుంది.

తా.క.: శుభ్రమైన తెలుగులో 'కాల్బంతి' అనక 'సాకర్' అంటావేమని కొందరు మిత్రులు కోప్పడతారని తెలుసు. చిక్కేమిటంటే, ఈ దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచేది చేతులతో పట్టుకు పరుగెత్తే ఆట. ఆ రెంటికీ కలిపి కాల్బంతి అంటే పై వ్యాసంలో ఎవరు ఎవరి సొమ్ము కోసం విమానమెక్కారో తేలదు. మంచిమాట తోచినవారు చెబితే మార్చుకుంటాను.