గడువు లేని కౌలు

గడువు వ్రాయని కౌలుపత్రమును గొని కక్షిదారుడు మా యొద్దకు వచ్చినచో, సంతకము చేయవలదనియే సలహా చెప్పుదుము. అట్టి పత్రము నొకదానిని 1903వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రముల వారు క్యూబా ప్రభుత్వముచేత వ్రాయించుకొనిరి. దానివలన గ్వాంటనామో అఖాతమున సుమారు 45 చదరపు మైళ్ల ప్రదేశము వారి నౌకాదళమునకు వశమయ్యెను. ఏటి కౌలు 2,000 బంగారు డాలర్లు. ఉభయులు సమ్మతించినగాని, అమెరికావారు తామై విడిచిపోయినగాని ఈ యేర్పాటు తొలగదని 1934వ సంవత్సరపు సంధిలో మరల స్థిరపరచిరి. క్రమముగా 4,000 డాలర్లకు పైబడిన ఆ కౌలు చెక్కును విప్లవ ప్రభుత్వము 1959లో ఒక్కమారు మార్చుకొనెను, పిమ్మట ముట్టలేదు. భూమిగలవాడు కౌలు వలదనుచున్నను కౌలుదారు కదలలేదు.

క్యూబాకును ఫ్లోరిడా తీరమునకును నడుమ తొంబది మైళ్ల సముద్రము మాత్రమే కలదు. ఈ యిరుగుపొరుగుల తగవు 1959లో కమ్యూనిస్టులతో బుట్టినదని చెప్పుట పరిపాటియైనది. కాగితములు చూచినవా రట్లనజాలరు. క్యూబా ప్రజలు 1868 మొదలు స్పెయిను ప్రభుత్వముపై పోరాడిరి. కవియు దేశభక్తుడునగు హోసే మార్తీ 1895లో రణరంగముననే ప్రాణములు విడిచెను. స్పెయిను పోయిన పిదప అమెరికా తమను మ్రింగునేమో యను భయము ఆయనను కడపటి దినములలో సైతము వీడలేదు. 1898లో హవానా రేవున మెయిన్ అను అమెరికా యుద్ధనౌక ప్రేలి మునిగెను. అమెరికా యుద్ధమున దిగెను. కొలది మాసములలో స్పెయిను ఓడెను. డిసెంబరున ప్యారిసులో సంధి జరిగినది. ముప్పది యేండ్లుగా నెత్తురు ధారవోసిన క్యూబావారికి ఆ సభలో పీటయైనను వేయలేదు.

తరువాతి పత్రము మరింత విచిత్రమైనది. అమెరికా సైన్యము ద్వీపమున నిలిచియుండగనే 1901లో రాజ్యాంగసభ ప్లాట్ సవరణను పరిశీలింపవలసివచ్చెను. క్యూబా స్వాతంత్ర్యమును కాపాడుటకై అమెరికా జోక్యము కలుగజేసికొనవచ్చునట; నౌకాస్థావరములకు స్థలమీయవలెనట. ఈ షరతులను రాజ్యాంగమున చేర్చనిదే సైన్యము కదలదని తెలిపిరి. సభ 16 ఓట్లకు 11 ఓట్లుగా లోబడెను. వెల్లస్లీ ప్రభువు సైన్యసహకార సంధులను చదివినవారికి ఇందు క్రొత్త యేమియు తోపదు. 1906లో అమెరికా మరల వచ్చి 1909 వరకు పాలించెను.

1952లో బాటిస్టా సైనికబలముతో అధికారము నాక్రమించుటయు, న్యాయశాస్త్రము చదివిన ఫిడెల్ క్యాస్ట్రో 1959లో ఆతని తరిమివేయుటయు పాఠకు లెరిగినవే. 1960లో అమెరికా చక్కెర కొనుగోలును తెగగొట్టగా సోవియట్ రష్యా చేయి చాచెను. చక్కెరయే జీవనాధారమైన దేశము కొనువాని నొకని విడిచి మరియొకని పట్టుకొనకేమి చేయును? 1961లో పిగ్స్ అఖాతమున ప్రవాసులచే దండెత్తించి అమెరికా భంగపడెను. 1962 ఫిబ్రవరిలో వాణిజ్య నిషేధము వచ్చెను. అక్టోబరున ద్వీపములోని రష్యా క్షిపణులనుగూర్చి లోకమంతయు గడగడలాడుచుండగా కెన్నెడీయు కృశ్చేవును ఒడంబడిరి. క్యాస్ట్రో నెవరును సంప్రదింపలేదు. ప్యారిసులో శత్రువులు చేసినపనినే ఈమారు మిత్రుడును చేసెను.

1996లో అమెరికా శాసనసభ హెల్మ్స్-బర్టన్ చట్టమును గావించెను. నిషేధము పూర్తిగా తొలగవలెనన్న, క్యూబాలో రాబోవు ప్రభుత్వమున ఫిడెల్ గాని రౌల్ గాని ఉండరాదని అందు వ్రాసిరి. పరదేశపు మంత్రివర్గమున ఎవరుండరాదో తమ చట్టములో వ్రాసికొను అధికారము వారికే న్యాయశాస్త్రము ప్రసాదించినదో మాకు దెలియదు.

ఇచ్చట మేము ఆగినయెడల మా పాఠకులలో కొందరు సంతోషింతురు. ఆగజాలము. 1961లో ఒక్క యేటిలో ఏడు లక్షలమందికి పైగా చదువు నేర్పిన ప్రభుత్వమది; అది సామాన్యమైన పని కాదు. కాని చదువు నేర్చినవాడు ఏమి వ్రాయవలెనో తామే నిర్ణయించిరి. 2019వ సంవత్సరపు రాజ్యాంగమున సోషలిజము మార్పరానిదని శాసించి, దేశనాయకత్వమును ఒక్క కమ్యూనిస్టు పార్టీకే కట్టబెట్టిరి. పుట్టబోవు తరముల చేతులను కట్టివేయు ఆ వాక్యమును, గ్వాంటనామో కౌలును మేమొకే కట్టలో పెట్టెదము. 2021 జూలై 11వ తేదీన ఆహారము లేదని, మందులు లేవని, విద్యుచ్ఛక్తి లేదని జనులు వీథులకెక్కగా వందలమందికి కారాగారము ప్రాప్తించెను. ఆ కొరతలో నిషేధము పాలెంత, పాలకుల పాలెంతయని లెక్క తేల్చుట కష్టము. పాలకులకు మాత్ర మా నిషేధము సర్వవేళల సిద్ధముగానున్న సాకు.

నిషేధమును తొలగింపుమని 1992 మొదలు ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ పలుమారులు తీర్మానించినది. భారతదేశము దానికి అనుకూలముగా ఓటు నిచ్చుచు వచ్చినది. అది న్యాయమైన ఓటు. ఆ ఓటు వేయు ప్రతినిధి, 2021లో శిక్షపడిన ఆ జనులను గూర్చియు హవానా ప్రభుత్వమును బహిరంగముగా అడుగవలెనని మేము కోరుచున్నాము.