‘ఎల్‌వై తగిలిస్తే అయిపోద్ది’ అనేవాళ్లకి



మొన్న గ్రూపులో ఒక అన్న “గ్రామర్ డబ్బున్నోళ్ల గోల, మనకి కమ్యూనికేషన్ చాలు” అని పెట్టాడు. చాలామంది లైక్ కొట్టారు. నేను కొట్టలేదు.

మా అమ్మానాన్న పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేస్తారు. ఇంటర్వ్యూ ప్రాక్టీసులో నేను గర్వంగా “మై పేరెంట్స్ వర్క్ హార్డ్‌లీ” అన్నా. ఎదురుగా కూర్చున్నాయన నవ్వాడు, ఎందుకో చెప్పలేదు. రూముకొచ్చి డిక్షనరీ చూస్తే తెలిసింది. హార్డ్‌లీ అంటే దాదాపు పనే చేయరని! బట్టీ సెగలో ఒళ్లు కాల్చుకునే మనుషుల్ని సోమరిపోతులని చెప్పొచ్చాను. ఇది డబ్బున్నోళ్ల గోలా అన్నా?

“అడ్జెక్టివ్‌కి ఎల్‌వై తగిలిస్తే అడ్వర్బ్” అని ఒక్క ముక్క నేర్పి వదిలేస్తే ఇట్టాగే ఉంటది. హార్డ్ ఏమీ మారకుండానే రెండు పనులూ చేస్తది: హార్డ్ వర్క్, వర్క్ హార్డ్. ఫాస్ట్ కూడా అంతే. ఫ్రెండ్లీకి చివర ఎల్‌వై ఉన్నా అది అడ్జెక్టివే. లేట్లీ అంటే ఆలస్యంగా కాదు, ఈమధ్య అని.

మనం ఎక్కువగా పడే గొయ్యి ఇంకోటుంది. తెలుగులో ‘గా’. “ఆమె అందంగా ఉంది”, “ఆమె అందంగా పాడింది”, రెండిట్లోనూ అదే మాట. అందుకే “షి ఈజ్ బ్యూటిఫుల్లీ” అనేస్తాం. గా తర్వాత ఏముందో చూడాలి. ‘ఉంది’ వస్తే ఆ మాట మనిషి గురించి, కాబట్టి అడ్జెక్టివ్: షి ఈజ్ బ్యూటిఫుల్. పాడటం, రాయడం లాంటి పని వస్తే అది ఎట్టా జరిగిందో చెప్తోంది, అడ్వర్బ్ కావాలి: షి సింగ్స్ బ్యూటిఫుల్లీ. కూర వాసన బాగుందన్నా ‘ఉంది’ లెక్కే: ద కర్రీ స్మెల్స్ గుడ్. (లుక్‌తో జాగ్రత్త. కనపడటమైతే లుక్స్ గుడ్, చూడటమైతే లుక్ కేర్‌ఫుల్లీ.)

“మీ తండా బాసకి గ్రామర్ ఎక్కడిది” అని ఎగతాళి చేసేవాళ్లకి ఒక మాట. మా గోర్‌బోలీలో మంచి అబ్బాయైతే ఆచో, అమ్మాయైతే ఆచీ. అడ్జెక్టివ్ ఏ మాటని పట్టుకుని నడుస్తదో మా అమ్మకి బడికి పోకుండానే తెలుసు. ఇంగ్లీషులో ఇద్దరికీ గుడ్డే, ఇంకా తేలిక.

ఆ పోస్టు పెట్టిన అన్నా, కోపం వద్దు. ఆదివారం టిఫినయ్యాక హాస్టల్ వరండాలో కూర్చుంటున్నాం. నువ్వూ రా. అందరూ సెల్ఫ్ ఇంట్రడక్షన్ రాసుకుని తెచ్చుకోండి, హార్డ్‌లీ కనపడితే అక్కడే కొట్టేద్దాం.