ఆ క్రీమ్ ఎవరికండీ?

మొన్నామధ్య మా వీధి చివరి ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి కళ్ళ కింద రాసుకునే క్రీమ్ అడిగాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా మొహం వైపు ఓసారి పరీక్షగా చూసి, "ఎవరికండీ, మీకేనా?" అంది. "కాదమ్మా, మా తమ్ముడికి" అన్నాను. పక్కన గాజులు చూసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వు ఆపుకుంటూ లోపల్నించి నల్లటి ట్యూబు ఒకటి తెచ్చి, "ఇది జెంట్స్‌ది మేడమ్" అని బల్ల మీద పెట్టింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ఓ ఏడాది వెనక్కి వెళ్ళాలి.

మా తమ్ముడికి ముప్ఫై ఏళ్ళు. ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే బండెక్కితే తెనాలి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, వాయిదాలు వసూలు చేసుకుని ఏ రాత్రి తొమ్మిదింటికో ఇల్లు చేరతాడు. ఎండ, దుమ్ము, చాలీచాలని నిద్ర. అన్నీ మొహం మీదే కనిపిస్తాయి. దానికి తోడు మా నాన్నగారి పోలిక. ఆయనవీ లోతు కళ్ళే, కింద నీడ పడ్డట్టుండేది. ఆయన్నెవరూ ఏమీ అన్నట్టు నాకు గుర్తు లేదు.

క్రితం ఏడాది ఓ పెళ్ళిచూపులకి వెళ్ళాం. కాఫీలయ్యాక పెళ్ళికూతురి పిన్నిగారు నన్ను పక్కకి పిలిచి, "అబ్బాయి బుద్ధిమంతుడిలాగే ఉన్నాడండీ. కానీ కళ్ళ కింద ఆ నలుపేమిటి? అలవాట్లేమైనా ఉన్నాయా?" అని అడిగింది. గుమ్మం పక్కనే ఉన్న మా వాడి చెవిన పడనే పడింది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నేనైనా ఊరుకోవాలా? "ఇంకో సంబంధం చూసేలోగా మొహం సంగతి కాస్త పట్టించుకోరా" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను.

రెండు రోజుల తర్వాత కాగితం ముక్క మీద ఓ ట్యూబు పేరు రాసుకొచ్చాడు. సెలూన్లో ఎవరో చెప్పారట, వారంలో మొహం తేటపడుతుందట. "అక్కా, మెడికల్ షాపులో నువ్వే అడుగు. నేనడిగితే బావుండదు" అన్నాడు. వెళ్ళాను, అడిగాను. డాక్టరు చీటీ ఏదని అడక్కుండానే ఇచ్చేశారు. నిజంగానే పది రోజుల్లో వాడి మొహం నిగనిగలాడింది. మా అమ్మయితే దిష్టి కూడా తీసింది. ట్యూబు అయిపోయినప్పుడల్లా నేనే తెచ్చిపెట్టాను. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఐదో నెలలో అసలు రంగు బయటపడింది. ఒక్క పూట రాయకపోతే మొహమంతా ఎర్రబడి మంట. బుగ్గల మీద దారాల్లాంటి ఎర్ర నరాలు తేలాయి. పదో తరగతిలో కూడా రానన్ని మొటిమలు వచ్చాయి. గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ట్యూబు చేతిలోకి తీసుకుని అడిగిన మొదటి ప్రశ్న, "కళ్ళ దగ్గర కూడా రాశావా?" అని. రాశాడు. అసలు కొన్నదే అందుకు కదా! వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పంపారు. కంట్లో ఒత్తిడి పెరిగిందని తేలింది. అదే ఇంకొన్నాళ్ళు సాగితే చూపు నరం దెబ్బతినేదనీ, అలా పోయిన చూపు తిరిగి రాదనీ ఆయన మెల్లగా చెప్పారు. ఆస్పత్రి బెంచీ మీద కూచుని నా చేతుల వంకే చూసుకున్నాను. ఆ ట్యూబు కొన్నవి ఈ చేతులే.

దేవుడి దయ వల్ల ట్యూబు మానేసి, చుక్కల మందు వేశాక ఒత్తిడి దిగింది. మొహం మామూలు కావడానికి మాత్రం నెలలు పట్టింది.

అది క్రీమ్ కాదు, మందు

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ - ఈ పేర్లు ఒక్కసారి గుర్తు పెట్టుకోండి. ఇవి చెడ్డ మందులేం కావు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి జబ్బులకి ఎంత రాయాలో, ఎన్నాళ్ళు రాయాలో చెప్పి డాక్టర్లు ఇస్తారు. రాసిన కొత్తలో చర్మం తేటపడినట్టు కనిపిస్తుంది. అందుకే సెలూన్లలోనూ, హాస్టళ్ళలోనూ వీటికి అంత పేరు. నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పల్చబడిపోతుంది. మానేద్దామంటే మంట, ఎరుపు. ఆ మంటకి భయపడి మళ్ళీ అదే రాస్తారు. ఇక కళ్ళ దగ్గరయితే గ్లకోమా, శుక్లాల భయం కూడా ఉంది.

ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే ఉత్తర్వులిచ్చింది. అయినా నాకు రెండు నిమిషాల్లో దొరికింది. అమ్మినవాళ్ళది తప్పే, కాదనను. ట్యూబు మీద అంత స్పష్టంగా 'డాక్టరు చీటీ మీదే అమ్మాలి' అని రాసి ఉంటే చదవకుండా సంచిలో వేసుకున్న నా తప్పు మాటేమిటి? బియ్యంలో రాళ్ళేరుకునే మనం, పచ్చడి సీసా మీద తారీఖు చూసే మనం, కంటి పక్కన రాసే దాని మీద అక్షరం చదవం!

మగవాడికి సోకులా?

ఇంతకీ మా వాడు ఆ షాపుకి తనే ఎందుకు వెళ్ళలేదు? సిగ్గు. మగవాడు మొహం గురించి అడిగితే నవ్వుతారని. ఆ రోజు గాజుల దగ్గర నవ్విన ఇద్దరినీ తప్పు పట్టలేను, ఏడాది క్రితమయితే నేనూ నవ్వేదాన్నే. మా వారు నా కోల్డ్ క్రీమ్ రాసుకుంటూ పట్టుబడినప్పుడు పిల్లలకి చెప్పి మరీ నవ్వించాను. ఆయన ఆ తర్వాత చలికాలమంతా పెదాలు పగిలినా డబ్బా ముట్టుకోలేదు.

నిజానికి మగవాళ్ళు ఒంటి సంగతి చూసుకోవడం మనకి కొత్తా? పెళ్ళిలో నలుగు పెళ్ళికూతురికే కాదు, పెళ్ళికొడుక్కీ పెడతాం. బుగ్గన చుక్క అతనికీ ఉంటుంది. భోగినాడు మా నాయనమ్మ నువ్వుల నూనె గిన్నె పెట్టుకుని కూచుంటే మనవలూ మనవరాళ్ళూ అందరం వరసగా పీటెక్కాల్సిందే. అదే సున్నిపిండి, అవే చేతులు. మగపిండి వేరు, ఆడపిండి వేరు అని ఆవిడ ఎప్పుడూ అనలేదు.

ఆ తేడా తెచ్చింది వ్యాపారం. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. నల్లగా ఉంటే పెళ్ళి కాదు, ఉద్యోగం రాదు అని ఎన్నేళ్ళపాటు ఆడపిల్లల్ని భయపెట్టారో మనకి తెలుసు. 2005లో ఇమామీ కంపెనీ ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ పేరుతో మగవాళ్ళకీ విడిగా క్రీమ్ తెచ్చింది. షారుఖ్ ఖాన్ లాంటి హీరో చేత చెప్పించింది. 2020లో విమర్శలు గట్టిగా వచ్చాక ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మార్చారు. పేరు మారింది సరే. మన ఇళ్ళలో 'కాస్త రంగు తక్కువ గానీ' అనే మాట మారిందా? ఆడపిల్లల్ని ఇన్నాళ్ళూ నిలబెట్టిన అద్దం ముందే ఇప్పుడు మగపిల్లల్నీ నిలబెడుతున్నాం. సమానత్వం అంటే ఇదేనా?

మరి కొనేదేదో చూసి కొందాం

అలాగని క్రీములే వద్దని నా వాదన కాదు. ఎండలో తిరిగేవాళ్ళకి కొన్ని కావాలి. గుంటూరు డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నవీ, ఆ తర్వాత అట్టపెట్టెలు చదివి నేర్చుకున్నవీ చెబుతాను.

మగవాళ్ళ చర్మం కాస్త మందం, జిడ్డు కూడా ఎక్కువ. రోజూ గడ్డం గీసుకోవడం వల్ల చిన్న చిన్న గాట్లు పడతాయి. తేడా అంతవరకే. కాబట్టి 'మగవారికి' అన్న మాట కాదు, చర్మం జిడ్డుదా పొడిదా అన్నది చూడాలి. నల్ల ట్యూబునీ గులాబీరంగు ట్యూబునీ పక్కపక్కన పెట్టి వెనకాల ఉన్న పదార్థాల జాబితా చదవండి. చాలాసార్లు తేడా అంతా వాసనలోనూ రంగులోనూ, ఒక్కోసారి ధరలోనూ ఉంటుంది. గడ్డం గీసుకున్నాక చురుక్కుమనే స్పిరిట్ లోషన్ కన్నా వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ మేలు. జిడ్డు మొహానికి జెల్ రకం బావుంటుంది.

కంటి క్రీమ్ విషయానికొస్తే, ముందు ఆ నలుపు ఎందుకొచ్చిందో చూడాలి. కంటి కింద చర్మం చాలా పల్చన. కొందరికి లోపలి రక్తనాళాలే నల్లగా కనిపిస్తాయి. కొందరికి కళ్ళు లోతుగా ఉండి నీడ పడుతుంది. అది వంశపారంపర్యం, మా తమ్ముడిది అదే. దానికి ఏ క్రీమూ పనిచేయదు. అస్తమానూ కళ్ళు నలిపేవాళ్ళకి ఎలర్జీ ఉందేమో చూపించాలి. రక్తహీనత ఉంటే పాలిపోయిన మొహంలో ఆ నలుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పొద్దున్నే కళ్ళు ఉబ్బి, రోజూ అలాగే ఉంటే అది అందం సమస్య కాకపోవచ్చు, మూత్రపిండాలో థైరాయిడో చూపించుకోవాలి.

కెఫీన్ ఉన్న క్రీమ్ ఉబ్బుని కాసేపు తగ్గిస్తుంది. హయలూరోనిక్ ఆసిడ్ తేమ పట్టి ఉంచుతుంది. రెటినాల్ సన్న ముడతలకి నెలల మీద కొంత పనిచేస్తుంది కానీ కళ్ళ దగ్గర మండే అవకాశం ఉంది, అడిగి వాడాలి. చాలామందికి వాసన లేని మామూలు మాయిశ్చరైజరే సరిపోతుంది. కంటి క్రీమ్ ట్యూబు చాలావరకు 15 గ్రాములే ఉంటుంది. గ్రాముకి ఎంత పడుతుందో లెక్క కట్టి చూడండి, కళ్ళు తిరుగుతాయి!

అన్నిటికన్నా ముఖ్యం ఎండ. పగలంతా బండి మీద తిరిగేవాడికి ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్, చలవ కళ్ళద్దాలు, హెల్మెట్‌కి ముందు అద్దం కావాలి. సన్‌స్క్రీన్ పొద్దున రాసి వదిలేస్తే చాలదు, చెమట పట్టే కొద్దీ మధ్యాహ్నం మళ్ళీ రాయాలి. ఆ పైన నిద్ర. అది ఏ షాపులోనూ దొరకదు, కంపెనీవాళ్ళు ఇచ్చే టార్గెట్లలోనూ దొరకదు.

మన వంతు

ఇక మన సంగతి. ఇంట్లో మగవాళ్ళ బనీన్ల దగ్గర్నించి బ్లేళ్ళ దాకా మనమే కొంటాం. ప్రేమే, కాదనడం లేదు. కానీ తన మొహానికి ఏం రాస్తున్నాడో తనే తెలుసుకోనివాడు, దురద పెడితే ఎవరిని అడగాలో కూడా తెలుసుకోడు. మనం చాటుగా తెచ్చివ్వడం వల్ల వాళ్ళ సిగ్గు అలాగే ఉండిపోతుంది. ఆ చాటుతనంలోనే ఇలాంటి ట్యూబులు ఇంట్లోకి వస్తాయి. అలాగే మన నవ్వు కూడా. పదిహేనేళ్ళ కొడుకు మొటిమలకి ఏం రాయాలని అడిగితే, "ఆడపిల్లలా ఏమిట్రా ఆ గోల" అనకుండా కూచోబెట్టి మాట్లాడదాం. రంగు గురించి మాత్రం కొడుకు దగ్గరా కూతురి దగ్గరా ఒక్క మాట కూడా వద్దు.

ఆ రోజు ఆ నల్ల ట్యూబు అక్కడే వదిలేసి వచ్చేశాను. "కావాల్సింది నీకు, నువ్వే రా" అని ఆదివారం మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. కౌంటర్లో అదే అమ్మాయి. "ఎవరికండీ?" అంది. వాడు ఓ క్షణం నా వంక చూశాడు. నేను కావాలనే గాజుల వైపు తిరిగాను.

"నాకేనండీ. వాసన లేని సన్‌స్క్రీన్ ఉందా?" అన్నాడు. పెట్టె తిప్పి, వెనకాల రాసింది మొత్తం చదివి మరీ కొన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా వాడు పట్టించుకునేవాడు కాదనుకోండి!