విత్తనానికి ఉన్న చీటీ నమూనాకు ఎందుకు లేదు?

కోనసీమలో సార్వా నాట్లను ఎన్ని రోజులు ముందుకు జరపాలన్నది రైతు ఏడాది ఆదాయాన్ని నిర్ణయించే ప్రశ్న. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పల్లపు పొలాలలో మురుగు త్వరగా దిగదు. పంట చేతికి వచ్చే వేళకు అక్టోబరు, నవంబరు తుపానులు ఎదురవుతాయి. 2011 సార్వాలో ఇక్కడి రైతులు పంట విరామం పాటించడానికి గిట్టుబాటు కాని ధరతో పాటు ముంపు సమస్య కూడా కారణమే.

ఇటువంటి ప్రశ్నకు పంట అనుకరణ నమూనాలు ఉపకరిస్తాయి. ఒక గ్రామానికి డీఎస్‌ఎస్‌ఏటీని నడపడానికి ల్యాప్‌టాప్ చాలు. కాని వెయ్యి గళ్లు, ముప్పై ఏళ్ల వాతావరణం, ఆరు నాటు తేదీలు, నాలుగు రకాలు తీసుకుంటే 7,20,000 అనుకరణలు అవుతాయి. దీనికి డబ్ల్యూఆర్‌ఎఫ్ వంటి వాతావరణ నమూనాను జోడిస్తే సూపర్ కంప్యూటర్ అనివార్యం. 2015లో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ ఆరంభమయ్యాక హైదరాబాదు ఐఐటీలోని పరమ్ సేవ వంటి యంత్రాలు మనకు సమీపంలోకి వచ్చాయి.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. డబ్ల్యూఆర్‌ఎఫ్‌ను ఆ యంత్రానికి అనువుగా సోర్స్ కోడ్ నుండి నిర్మించుకోవాలి. దానికి ముందు నెట్‌సీడీఎఫ్, ఎంపీఐ వంటి ఆధార గ్రంథాలయాలు ఉండాలి. ఒక ఫోర్ట్రాన్ కంపైలర్‌తో నిర్మించిన గ్రంథాలయం మరొక దానితో తరచు పొసగదు. పరిశోధక విద్యార్థి వారాల తరబడి శ్రమించి దీనిని సాధిస్తాడు. పట్టా పుచ్చుకుని వెళ్లగానే ఆ నిర్మాణ క్రమం అతనితోనే పోతుంది. కంపైలర్ గాని, వేగం పెంచే ఐచ్ఛికాలు గాని మారితే దశాంశ గణనలు చివరి అంకెలలో భేదిస్తాయి. వాతావరణ నమూనాలో ఆ స్వల్ప భేదమే రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది.

అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో రూపొందిన స్పాక్, బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో ఆరంభమైన ఈజీబిల్డ్ ఈ చిక్కుకే పరిష్కారాలు. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ కంపైలర్, ఏ ఐచ్ఛికాలు అన్నది ఒక ఫైలులో రాస్తే, ఆధారాలన్నిటినీ ఇవి వరుసగా నిర్మిస్తాయి. నిర్వాహకుని ప్రత్యేక అనుమతి లేకుండానే వినియోగదారుడు తన ఖాతాలో ఈ పని చేసుకోవచ్చు. స్పాక్ ప్రతి నిర్మాణానికీ ఒక గుర్తింపు సంకేతం ఇచ్చి, పూర్తి వివరాలను లాక్ ఫైలులో భద్రపరుస్తుంది.

ధ్రువీకృత విత్తనపు సంచికి నీలి చీటీ, లాట్ నంబరు లేకపోతే మనం అంగీకరించము. ఆ విత్తనంతో పండే పంటపై సిఫార్సు చేసే నమూనాకు మాత్రం ఏ చీటీ అడగము. చీటీ దిగుబడికి హామీ కాదన్నది నిజమే. లాక్ ఫైలు కూడా నమూనా సత్యానికి హామీ కాదు. క్షేత్ర ప్రయోగాలతో సరిచూడవలసిన బాధ్యత యథాతథంగా ఉంటుంది. అయితే ఫలితం తప్పినప్పుడు లోపం నేల వివరాలలో ఉన్నదా, రకపు గుణకాలలో ఉన్నదా, కంపైలర్‌లో ఉన్నదా అని వెతకడానికి ఆ చీటీయే ఆధారం.

కనుక నమూనాలపై వచ్చే ప్రతి సిద్ధాంత గ్రంథానికి నిర్మాణ ఫైలును అనుబంధంగా చేర్చడం తప్పనిసరి చేయాలి. పరిశోధన పత్రికలు కూడా దానిని కోరాలి. స్నాతకోత్తర పాఠ్యక్రమంలో కనీసం రెండు ప్రయోగ తరగతులను ఈ సాధనాలకు కేటాయించాలి. మరొకరు తిరిగి నడిపి చూడలేని నమూనా ఆధారంగా నాటు తేదీ మార్చుకోమని రైతుకు చెప్పే అధికారం విస్తరణ శాస్త్రవేత్తకు లేదు.