ఇవాళ తినండి... వచ్చే వారం ఇవ్వండి!

సోఫియా లారెన్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి ఆ కళ్ళూ, ఆ నడకా! నాకు మాత్రం ముందుగా పిండి అంటిన చేతులు గుర్తొస్తాయి. నవ్వకండి. విట్టోరియో డిసికా 1954లో తీసిన 'గోల్డ్ ఆఫ్ నేపుల్స్' చూస్తే మీరూ ఆ మాటే అంటారు.

ఇరవయ్యేళ్ళు నిండీ నిండని సోఫియా అందులో ఓ పేదల పేటలో మొగుడితో కలిసి పిజ్జాలు అమ్ముతుంది. అట్టపెట్టెలో ఇంటికొచ్చే పిజ్జా కాదు సుమండీ! ఇది నూనెలో వేగేది. పేరు పిజ్జా ఫ్రిత్తా. పులిసిన పిండిని చేత్తో సాగదీసి, రికోటా అనే మెత్తటి విరుగుడు, వేపిన పంది కొవ్వు ముక్కలు, మిరియాల పొడి పెట్టి, మన కజ్జికాయలా మడిచి అంచులు నొక్కేస్తారు. మరిగే నూనెలో పడగానే పూరీలా పొంగుతుంది. కాయితంలో చుట్టి ఇస్తే నడుస్తూనే తినెయ్యాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేపుల్స్ చితికిపోయింది. కట్టెల పొయ్యీ, మంచి ఛీజూ భారమైన ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఇంటి గుమ్మంలోనే మూకుడు పెట్టి ఇవి వేయించి అమ్మారు. కొనేవాడి జేబూ ఖాళీయే! అందుకే 'ఓజ్జే ఆ ఒత్తో' అనే పద్ధతి వచ్చింది. అంటే ఇవాళ తిను, ఎనిమిదో రోజుకి డబ్బివ్వు!

జుసెప్పే మరొట్టా కథల ఆధారంగా తీసిన ఈ చిత్రంలో డిసికా ఆ అప్పు చుట్టూనే తమాషా అల్లాడు. కథానాయిక తన ఉంగరం ప్రియుడి దగ్గర మరిచిపోతుంది. పిండిలో జారి ఏ పిజ్జాలోనో పోయిందనుకుంటాడు మొగుడు. పాపం, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పొద్దున తిన్నవాళ్ళ ఇళ్ళన్నీ తిరుగుతాడు. భార్య పోయిన దుఃఖంలో ప్రాణం తీసుకోబోతున్న ఒకాయన ఇంటిక్కూడా వెళ్తాడు. అక్కడ ఉంగరం మాట ఎలా ఎత్తడం? నాకు నవ్వూ వచ్చింది, గొంతులో ఏదో అడ్డమూ పడింది.

ఆలోచిస్తే ఒకటి తట్టింది. అతను ఆ గడపలు తొక్కగలిగాడంటే, తిన్నదెవరో, ఉండేదెక్కడో తెలుసు గనకనే కదా! రొక్కం ఇచ్చి పోయినవాడి మొహం ఎవరికి గుర్తుంటుంది? అప్పుంటేనే ఆ మనిషి పేరూ, ఇల్లూ గుర్తుంటాయి. పేటనంతా నమ్మి అరువు పెట్టే ఆ అమాయకుడికి సొంత ఇంట్లోనే నమ్మకం ఎగ్గొట్టారు. చివరికి ప్రియుడే వచ్చి, "పిజ్జాలో దొరికింది" అంటూ ఉంగరం చేతికిస్తాడు!

వానలో సోఫియా నడిచిన నడకను లోకం మరిచిపోలేదు. 'టూ విమెన్'తో ఆస్కార్ కూడా అందుకుందావిడ. నా మనసు మాత్రం ఆ మొగుడి దగ్గరే ఆగిపోయింది. పిజ్జా బాకీ ఎనిమిది రోజుల్లో తీరుతుంది. అతని బాకీ ఎవరు తీరుస్తారు?