ఆ ఒక్క రోజు లెక్క

హైదరాబాద్ పోలీసు కమిషనర్ హోదాలో సి.వి.ఆనంద్ 2024 అక్టోబరు 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనూ బాణసంచానూ నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అలాంటిదే మన కోనసీమలో అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో తెమ్మని ఎవరైనా అడిగితే జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ‘ఏడాదికి ఒక్క రోజే కదా! ఒక్క రోజుకే చెవులు పోతాయా? మర్నాటికి అవే సర్దుకుంటాయి.’ ఉత్సవ కమిటీలు అనే మాట ఇదే. పెళ్ళివారిదీ, జెండా కట్టుకుని తిరిగే పార్టీ కుర్రాళ్ళదీ ఇదే మాట. రాత్రంతా కిటికీ అద్దాలు అదురుతుంటే పసిబిడ్డను గుండెకు హత్తుకుని కూర్చున్న తల్లి నోరు కూడా ఈ మాటతోనే మూయిస్తున్నారు.

అప్పు తెచ్చి డీజే పెట్టెలు కొన్న కుర్రాళ్ళ బతుకుతెరువు ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. డప్పుదీ చిన్న మోత కాదన్నదీ నిజమే. వీటికి జవాబులు వెతకవచ్చు. ‘ఒక్క రోజే కదా’ అన్నది మాత్రం వేరే సంగతి. అందులో లెక్కా తప్పే, శాస్త్రమూ తప్పే.

ముందు లెక్క చూద్దాం. చెవికి చేటు చేసేది చప్పుడు ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, అది చెవిలో ఎంతసేపు పడిందన్నది కూడా. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని చూసే జాతీయ పరిశోధన సంస్థ నయోష్ 1998లో ఖరారు చేసిన పరిమితి ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, అలా దిగుతూ వస్తే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ఊరేగింపు బండి ముందు నిలబడి గంతులేసే కుర్రాడి చెవి దగ్గర మోత 100 దాటడం వింతేమీ కాదు. పోనీ, 100 దగ్గరే ఆగిందని అనుకుందాం. ఆ కుర్రాడు సందెవేళ మొదలుపెట్టి నాలుగు గంటలు బండి వెంట నడిస్తే, 15 నిమిషాల మోతాదు పదహారు సార్లు తీసుకున్నట్టు. అంటే పదహారు రోజుల మోత ఒక్క సాయంత్రంలో వాడి చెవిలో పడింది. అదే 106కి చేరితే రోజు మోతాదు నాలుగు నిమిషాలకు లోపే. అప్పుడా సాయంత్రం అరవై నాలుగు రోజులతో సమానం.

కాలెండరులో అది ఒక్క గడే కావచ్చు. చెవికి కాలెండరుతో పనిలేదు.

పైగా ఆ ఒక్క రోజు ఏడాదిలో ఎన్నిసార్లు వస్తోందో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. వినాయకుడి నిమజ్జనం ఒక్క రోజే. దసరా ఒక్క రోజే. అమ్మవారి జాతర, పెళ్ళి ఊరేగింపు, అభిమాన హీరో సినిమా విడుదల, నాయకుడి పుట్టినరోజు, గెలిచినవాళ్ళ విజయయాత్ర, సంక్రాంతి మూడు రోజులు... ఎవరి లెక్కలో వాళ్ళది ఒక్క రోజే. వీటన్నిటినీ వినే చెవులు మాత్రం ఆ వీధిలో ఉండేవాళ్ళవే.

నయోష్ పరిమితి ఏళ్ళ తరబడి రోజూ మోతలో పనిచేసే కార్మికుల కోసం కట్టినదని, ఏటా కొన్నిసార్లు పాటలు వినేవాళ్ళకు దాన్ని అంటగట్టకూడదని ఎవరైనా అనవచ్చు. అనాల్సిన మాటే. దానికి బదులు ఇవ్వాలంటే ‘మర్నాటికి సర్దుకుంటాయి’ అన్న రెండో సగంలోకి వెళ్ళాలి. అసలు మోసం ఉన్నది అక్కడే.

లోపలి చెవిలో బఠాణీ గింజంత కాక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. ఒక్కో చెవిలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. గాలిలో కదలికను నాడి సంకేతంగా మార్చేది అవే. పెద్ద మోత పడ్డప్పుడు అవి అలసిపోతాయి. చెవులు దిబ్బడ వేసినట్టు, గుయ్యిమని జోరీగ దూరినట్టు అనిపించేది అందుకే. ఒకటి రెండు రోజుల్లో ఆ దిబ్బడ వదులుతుంది. ఇయర్‌ఫోన్లు తగిలించి చేసే ఆడియోమెట్రీ పరీక్షలో కూడా వినికిడి మామూలుగానే ఉన్నట్టు వస్తుంది. దాన్ని చూసి దశాబ్దాల పాటు వైద్యులు కూడా గండం గడిచిందనే అనుకున్నారు.

గడవలేదని 2009లో తేలింది. అమెరికాలోని బోస్టన్‌లో మసాచుసెట్స్ కంటి, చెవి ఆసుపత్రి పరిశోధకులు షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ ఎలుకలకు 100 డెసిబెల్స్ మోతను రెండు గంటలు వినిపించారు. రెండు గంటలే, ఒక్కసారే. రెండు వారాలు తిరిగేసరికి వాటి వినికిడి మామూలు స్థాయికి వచ్చేసింది. రోమకణాలూ చెక్కుచెదరలేదు. కానీ సూక్ష్మదర్శిని కింద చూస్తే, దెబ్బ తగిలిన భాగంలో రోమకణాలకూ శ్రవణ నాడికీ మధ్య ఉండే అతుకుల్లో దాదాపు సగం తెగిపోయి ఉన్నాయి. మోత విన్న ఒక రోజులోపే తెగినవి అవి. మళ్ళీ అతుక్కోలేదు. తర్వాత నెలల తరబడి ఆ నాడీ తంతువులు ఒక్కొక్కటిగా రాలిపోతూ వచ్చాయి. పరీక్షలో బయటపడకుండా లోపల పెరిగే ఈ నష్టానికి తర్వాత వాడుకలోకి వచ్చిన పేరు దాగిన చెవుడు.

ఎలుక చెవి మనిషి చెవి ఒకటి కాదు. బతికున్న మనిషిలో ఆ అతుకులను నేరుగా లెక్కపెట్టే సాధనం ఇంకా రాలేదు, మనుషుల్లో ఈ నష్టం ఏ మేరకన్న దానిపై శాస్త్రవేత్తల్లో వాదన నడుస్తూనే ఉంది. అయినా, మరణానంతరం దానంగా వచ్చిన మనుషుల లోపలి చెవులను లిబర్‌మన్ బృందమే పరీక్షించినప్పుడు, వయసుతో రోమకణాల కన్నా నాడీ తంతువులే ఎక్కువగా పోయినట్టు కనిపించింది. తేలని సంగతిలో జాగ్రత్త పడటం ఇంగితం. ‘సర్దుకుంటాయి’ అని హామీ ఇచ్చేవాళ్ళు ఆ హామీ ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పాలి. ఏ వైద్యుడిని అడిగి, ఏ చెవిని పరీక్షించి ఆ మాట అంటున్నారు?

మోత వల్ల వచ్చే చెవుడు ముందు దెబ్బతీసేది 4,000 హెర్ట్జ్ దగ్గరలోని సన్నని శబ్దాలను. స, శ, చ వంటి హల్లులను విడదీసి చెప్పేవి అలాంటి పై శబ్దాలే. అచ్చులు నిలుస్తాయి, హల్లులు జారిపోతాయి. అందుకే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ‘మాట వినపడుతోందిరా, ఏమంటున్నావో తెలియట్లేదు’ అంటారు. నలుగురు కూర్చుని మాట్లాడుకునే అరుగు మీద వాళ్ళు మెల్లగా మౌనంలోకి జారుకుంటారు. ముప్పై ఏళ్ళకే ఆ స్థితికి వచ్చే తరాన్ని మనం చేతులారా తయారు చేసుకుంటున్నాం. సురక్షితం కాని మోతలు వినడం వల్ల ప్రపంచంలో వంద కోట్లకు పైగా యువతకు వినికిడి ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పోతే పోయింది, వైద్యం పెరిగింది కదా అన్న ధీమా కూడా ఇదే బాపతు. కోడిపిల్ల చెవిలో మోతకు చచ్చిన రోమకణాలు మళ్ళీ మొలుస్తాయని 1988లోనే పరిశోధకులు చూపించారు. మన సంక్రాంతి బరిలో దిగే పుంజుకు ఉన్న ఆ వరం దాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడ్డ మనిషికి లేదు. మనిషి చెవిలో రోమకణాలను మొలిపిస్తుందని ఆశపెట్టిన ఎఫ్‌ఎక్స్-322 అనే మందు 2023లో పరీక్షల్లో విఫలమైంది. షాంఘైలోని ఫూడాన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆరుగురు పిల్లలకు జన్యుచికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో వచ్చిన వార్త నిజంగా మనసు నింపేదే. అయితే అది ఓటోఫెర్లిన్ అనే ఒక్క జన్యువు లోపంతో పుట్టిన బిడ్డల కోసం, డీజే మోతకు తెగిన నాడుల కోసం కాదు. దేవుడు చెవుడిచ్చిన బిడ్డకు వినికిడి తెప్పించడానికి ప్రపంచం ఇంత పాటుపడుతుంటే, నిక్షేపంగా ఉన్న చెవులను మనం పెట్టెల ముందు నిలబెడుతున్నాం.

1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకున్నప్పుడు ఆ మంట హోరు 65 రోజులు ఆగలేదు. ఆ హోరును కోనసీమ కోరి తెచ్చుకోలేదు. ఇప్పటి హోరుకు మాత్రం మనమే చందాలు వేసుకుంటున్నాం.

ఇక చట్టం మాట. ‘పండగలకు ప్రభుత్వమే అర్ధరాత్రి దాకా అనుమతించింది’ అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా, ఉత్సవాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఆ గడువును అర్ధరాత్రి దాకా పొడిగించవచ్చు. ఆ రోజులేవో ముందే ప్రకటించాలని 2010 సవరణ చెబుతోంది. పొడిగింపు ఇచ్చింది గడియారానికి. మోతకు కాదు! మైకు పెట్టిన చోటి సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితిని 10 డెసిబెల్స్ కన్నా మించకూడదు, లేదా 75 దాటకూడదు. ఏది తక్కువైతే అదే లెక్క. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45. దానికి 10 కలిపితే 55. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నంత చప్పుడు అది. 55కీ 100కీ మధ్య శబ్ద శక్తిలో తేడా ముప్పై వేల రెట్ల పైమాటే. సమయంలో ఇచ్చిన రెండు గంటల వెసులుబాటును చూపించి ముప్పై వేల రెట్ల మోతను చట్టబద్ధం అనడం కంటే పచ్చి అబద్ధం ఉంటుందా? ఇతరులకు బలవంతాన వినిపించే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005 జులై 18నే తేల్చి చెప్పింది. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని నిబంధనలే అంటున్నాయి. అమలాపురం ఏరియా ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్ళకు ఆ వంద మీటర్లు దక్కాలి.

సంప్రదాయం పేరెత్తేవాళ్ళను ఒక్కసారి కనుమనాటి జగ్గన్నతోటను గుర్తు తెచ్చుకోమనాలి. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడికి చేరతాయి. గంగలకుర్రు ప్రభలను ఎగువ కౌశికలో దించి, పచ్చని చేల మీదుగా భుజాల మీద మోసుకొస్తుంటే ఒళ్ళు పులకరించని వాడు ఉండడు. 2023 గణతంత్ర వేడుకల్లో ఢిల్లీ వీధిలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది ఆ ప్రభల తీర్థమే. దానికి ఆ కీర్తి తెచ్చినవి మనుషుల భుజాలు, డప్పులు, శరభ శరభ అన్న కేకలు. వీరనాట్యమూ గరగలూ సన్నాయీ ఉన్న సీమకు ఆంప్లిఫైయర్ లేకపోతే పండగ లేదనడం ఆ కళాకారులను అవమానించడమే. డీజే వచ్చిన ప్రతి వీధిలో వాళ్ళ ఒక రోజు కూలి పోయింది. బతుకుతెరువు గురించి మాట్లాడేవాళ్ళు వాళ్ళ గురించి కూడా మాట్లాడాలి.

జిల్లా యంత్రాంగం చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కాదు. ఆ 15 రోజుల జాబితాను పండగల సీజనుకు ముందే ప్రతి పంచాయతీ గోడ మీద అతికించాలి. ప్రతి పోలీసు స్టేషనులో శబ్దం కొలిచే మీటరు ఉండాలి, ఊరేగింపు వెంట అది కదలాలి, రీడింగు కాగితం మీద నమోదు కావాలి. పరిమితి దాటకుండా పట్టి ఉంచే లిమిటర్ లేని పెట్టెకు అనుమతి ఇవ్వకూడదు. పర్యావరణ పరిరక్షణ చట్టంలో జైలు శిక్ష పోయి, 2024 ఏప్రిల్ నుంచి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. పది వేలే వేస్తే అదీ చందాల లెక్కలో కలిసిపోతుంది. బడుల్లో కంటి పరీక్షలాగే ఏటా చెవి పరీక్ష జరగాలి. అమలాపురంలో వైద్య కళాశాల ఉంది. కోనసీమ కుర్రాళ్ళ చెవుల మీద పరిశోధన చేయడానికి బోస్టన్ నుంచి ఎవరో రానక్కర్లేదు.

ఆ పరీక్షలు మొదలుపెట్టాల్సింది డీజే బండి మీద కూర్చునే పిల్లల దగ్గర. పెట్టెలకు ఆనుకుని, వైర్లు సవరిస్తూ, ఈ ఊరి జాతర నుంచి ఆ ఊరి పెళ్ళికి రాత్రికి రాత్రే మారుతూ పనిచేసే ఇరవై ఏళ్ళ లోపు కుర్రాళ్ళు వాళ్ళు. ఆ ఒక్క రోజు వాళ్ళకు సీజనంతా వస్తుంది. వాళ్ళ బతుకుతెరువు కోసం గొంతు చించుకునేవాళ్ళు, వచ్చే వినాయక చవితి లోపు ఆ పిల్లల్లో ఒక్కరినైనా చెవి పరీక్షకు తీసుకెళ్ళాలి. ఆ కాగితం చేత్తో పట్టుకుని, అప్పుడు చెప్పాలి ఒక్క రోజే కదా అని.