వీణ ముందు రెండు మైకులు

సాహిత్య పత్రికలో ఈ మైకుల గోల ఏంటి అనుకోకండి. మన సాహిత్యంలో చాలా భాగం చెవితో చదివేదే. పద్యనాటకం, హరికథ, బుర్రకథ... వీటిని అచ్చు వేస్తే మాటలు మిగులుతాయి, గొంతు మిగలదు. ఇక వాద్యానికైతే రికార్డింగే పుస్తకం. ఆ పుస్తకాన్ని మనం చాలా అశ్రద్ధగా అచ్చు వేస్తున్నామని నా అభిప్రాయం.

మన మైలవరానికి పక్కనే నూజివీడు. అందరికీ మామిడిపళ్లు గుర్తొస్తాయి కానీ, సంగీతం తెలిసినవాళ్లకి నూజివీడు అంటే వీణ. పనస కర్రని తొలిచి కుండ చేసి, దండి అమర్చి, మైనం మీద 24 మెట్లు నిలబెట్టి, ఒక్కో మెట్టునీ చెవితో సరిచూసే పని అది. అది తెలిసిన కుటుంబాలు ఇప్పుడు కొన్నే. అంత ఓపికగా చెక్కలోంచి తెచ్చిన నాదాన్ని మనం స్టేజీ మీద ఏం చేస్తున్నాం? కుండ మీద రూపాయి బిళ్లంత పికప్ అతికించి, వైరు మిక్సర్‌లో గుచ్చి, ఆ లైన్‌నే రికార్డ్ చేసుకుంటున్నాం.

పికప్ వినేది గాలిలోని శబ్దాన్ని కాదు. తను అతుక్కున్న చోట చెక్క అదురుని. మనం ఎదురుగా కూర్చుంటే వినిపించేది వేరు: కుండ పైపలక మొత్తం కదిలించిన గాలి, మీటు తగిలిన చప్పుడు, మెట్ల మీద వేలు జారే సవ్వడి, కొంచెం ఆ గది కూడా. పెద్ద హాల్లో స్పీకర్లు కీచుమనకుండా ఉండాలంటే పికప్ కావాలి, ఒప్పుకుంటా. కానీ హాలుకి వినిపించడం ఒక పని, దాచుకోవడం ఇంకో పని. రెండింటికీ ఒకే వైరు సరిపోదు.

దాచుకోవడానికి రెండు మైకులు కావాలి. మనకి రెండు చెవులు ఉన్నాయి కాబట్టి. కుడివైపు శబ్దం కుడి చెవికి కాస్త ముందు, కాస్త గట్టిగా చేరుతుంది. ఆ తేడాతోనే మెదడు దిక్కు పోల్చుకుంటుంది. ఈ సంగతిని పట్టుకుని ఇంగ్లండ్‌లో ఈఎంఐ ఇంజనీర్ అలన్ బ్లమ్‌లీన్ 1931లో స్టీరియోకి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. మనలాంటి ఇంజనీరే, అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

మైకులు పెట్టే పద్ధతులు చాలా ఉన్నాయి గానీ, మనకి మూడు తెలిస్తే చాలు. ఒకటి ఏ-బీ: రెండు మైకులూ అర మీటరో ఇంకా ఎక్కువో ఎడంగా పెడతారు. హెడ్‌ఫోన్స్‌లో విశాలంగా, అందంగా ఉంటుంది. రెండోది ఎక్స్-వై: రెండు కార్డియాయిడ్ మైకుల తలలు ఒకదాని మీద ఒకటి ఉండేలా, 90 డిగ్రీల కోణంలో. మూడోది ఫ్రెంచ్ రేడియోవాళ్ల ఓఆర్‌టీఎఫ్: 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణం. ఇది దాదాపు మనిషి తల కొలత.

నా ఓటు ఎక్స్-వైకే. కారణం లెక్కలోనే ఉంది. శబ్దం ఒక మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు వెళుతుంది. వాద్యం నుంచి రెండు మైకులకీ ఉన్న దూరంలో 34 సెంటీమీటర్ల తేడా ఉందనుకోండి. ఆ రెండు ట్రాకులనీ కలిపి ఒకటి చేస్తే 500 హెర్ట్జ్, 1500, 2500 దగ్గర తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ స్వరాలు బోలుగా వినపడతాయి. ఎక్స్-వైలో రెండు మైకులూ ఒకేచోట ఉంటాయి కాబట్టి ఈ బాధ దాదాపు ఉండదు.

"ఇప్పుడు ఎవరు మోనోలో వింటారు?" అంటారా? మన అమ్మమ్మ వాట్సాప్‌లో వింటుంది, ఫోను బల్ల మీద పెట్టి. బస్సులో పక్క సీటాయన వింటాడు. టీ కొట్టులో చిన్న బ్లూటూత్ స్పీకర్ వింటుంది. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణిని మీడియం వేవ్‌లో ఒకే స్పీకర్ మీద విని పెరిగిన తరం కూడా ఇంకా మన ఇళ్లలోనే ఉంది. హెడ్‌ఫోన్స్ ఉన్నవాడికి మాత్రమే వీణ సరిగ్గా వినపడితే అది సగం రికార్డింగే.

ఇంకో గొడవ మృదంగం. రెండు మూతల దగ్గరా చెరో మైకు పెట్టి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి తోసేస్తారు. వింటుంటే మృదంగం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగినట్టు ఉంటుంది! కచేరీలో ఎవరూ అలా వినరు. ఎదురుగా మీటరు దూరంలో ఒక జత పెడితే, మృదంగం మృదంగమంతే ఉంటుంది.

మరి ఫోన్ చాలదా? మాటలకైతే చాలు. ఫోన్‌లో నాయిస్ సప్రెషన్ అంతా మాట కోసం రాసిన ప్రోగ్రామ్. ఆగకుండా ఒకేలా మోగేదాన్ని అది ఫ్యాన్ చప్పుడు అనుకుంటుంది. తంబుర సరిగ్గా అలాగే మోగుతుంది. శ్రుతిని తీసేసి కచేరీని దాచుకుంటే ఏం లాభం?

అందుకే మన క్లబ్‌కి నా ప్రతిపాదన ఇది. ఎక్స్-వై మైకులున్న చిన్న రికార్డర్ ఒకటి కొందాం, జేబులో పట్టేది చాలు. ప్రతిధ్వని వచ్చే ఆడిటోరియం వద్దు, కర్టెన్లున్న గది చూసుకుందాం. ఫ్యాన్లు ఆపి, నేల మీద జంపఖానా పరిచి, వీణకి ఎదురుగా ముప్పావు మీటరు నుంచి మీటరు దూరంలో, కుండ కంటే కొంచెం ఎత్తులో పెడదాం. ఎంపీ3 కాదు, వేవ్ ఫైల్, 24 బిట్. మైకు ఎంత దూరంలో ఎక్కడ పెట్టామో ఒక ఫొటో తీసి ఫైల్‌తో పాటే దాచుదాం. తర్వాత వచ్చే బ్యాచ్ అక్కడి నుంచి మొదలుపెడుతుంది.

రేపు కంప్యూటర్లు వీణ నాదం నేర్చుకునేది కూడా మన తరం దాచిన ఫైళ్ల నుంచే. వాటిలో పికప్ తప్ప ఏమీ లేకపోతే, వీణ అంటే అదే అనుకుంటాయి. మన తర్వాతివాళ్లూ అదే అనుకుంటారు. వీణలు చేసే ఊరు ఇంత దగ్గర పెట్టుకుని ఆ పని మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు? ఈ సెమిస్టర్‌లోనే ఒక ఆదివారం ఖాళీ చేసుకోండి. టేపు నేను తెస్తా.